పరంధామయ్యగారి గాంధారం

ఆద్యకీ రుత్విక్‌కీ మొదటి గొడవ సరిగమల్లోని గాంధారం దగ్గర వచ్చింది. అప్పటికి ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఆద్య పుట్టిందీ పెరిగిందీ టెక్సస్‌లోనే. ఫ్రిస్కోలో ఒక రీహాబ్ క్లినిక్‌లో పని. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి మళ్ళీ చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం నేర్పుతుంది. పేషెంట్ నోట "ఇంక రాదు" అనే మాట వింటే ఆమెకి కోపం. అదే మాట ఇంట్లో తాతయ్య నోట వింటే ఇంకా కోపం.

తాతయ్య పరంధామయ్యగారు, అమ్మ విజయశ్రీకి నాన్న. విజయనగరంలో నలభై ఏళ్ళు వీణ పాఠాలు చెప్పారు. రెండేళ్ళ కిందట స్ట్రోక్ వచ్చి ఎడమ చేతి వేళ్ళలో పట్టు పోయింది, సన్నటి వణుకు మిగిలింది. వీణకి ప్రాణమంతా ఎడమ చెయ్యే. తీగని మెట్టు మీద నొక్కి పక్కకి లాగితేనే గమకం. ఆ బలం పోయాక ఆయన వీణ ముట్టలేదు. ఇంకొకరు వాయిస్తుంటే వినడం కూడా మానేశారు. కూతురి దగ్గరికి ఆర్నెల్లకని వచ్చి, సోఫాలో కూర్చుని టీవీలో గోల్ఫ్ చూస్తున్నారు. ఆ ఆట ఎలా ఆడతారో ఆయనకి తెలియదు.

"తాతయ్యా, మీరు మళ్ళీ వాయిస్తారు," అంది ఆద్య ఓ రోజు.

"దేంతో? ముక్కుతోనా?"

ఆద్య వారం తిరక్కుండా ఒక రబ్బరు పలక తెప్పించింది. దాని మీద వేలు ఆనిస్తే చాలు స్వరం పలుకుతుంది, వేలు జరిపితే స్వరం జారుతుంది. పలికించేది మాత్రం లాప్‌టాప్‌లో ఉండే ప్రోగ్రామ్. వెతగ్గా వెతగ్గా 'సారణి' అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ దొరికింది. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు, కావలిస్తే మార్చుకోవచ్చు. పియానోలోలాగా పన్నెండు సమాన మెట్లు కాకుండా, ఏ స్వరం ఎక్కడ నిలబడాలో మనమే పెట్టుకోవచ్చు. మోహన రాగానికి ఒక ట్యూనింగ్ ముందే పెట్టి ఉంది కూడా.

పరంధామయ్యగారు గాంధారం మీద వేలు పెట్టి, వేడి పెనం తగిలినట్టు వెనక్కి తీసుకున్నారు.

"ఇది గాంధారం కాదమ్మా. గాంధారం వాళ్ళ పక్కిల్లు."

ఆద్య ఆ సాయంత్రమే సారణి వెబ్‌సైట్‌లో కంప్లయింట్ రాసింది: మీ గాంధారం తప్పు, సరిచేయండి. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "తప్పు కాదు. పుస్తకంలో ఉన్న లెక్కే. క్లోజ్ చేస్తున్నాను." కింద RV అని రెండక్షరాలు.

ఆద్య ఆ కంప్లయింట్ మళ్ళీ తెరిచింది. RV మళ్ళీ మూశాడు. మూడోసారి తెరిచి, తాతయ్య గాంధారం పాడుతుండగా ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టింది. పాట అయ్యాక ఆయన అన్న మాట కూడా అందులో పడిందని ఆమె చూసుకోలేదు.

"ఆ గాంధారం రాసినవాణ్ణి నా దగ్గరికి తీసుకురా. చెవి మెలేస్తాను."

ఈసారి జవాబు తెలుగులో వచ్చింది. "చెవి మెలేయించుకోడానికి ఎక్కడికి రావాలె సార్? నేను కాపెల్‌లో ఉంట."

కాపెల్ నుంచి ఫ్రిస్కోకి అరగంట డ్రైవ్.

ఆదివారం మధ్యాహ్నం అతను వచ్చేసరికి ఫ్రిస్కో మీద ఉసిరికాయలంత వడగళ్ళు పడుతున్నాయి. ఆద్య తలుపు తీసింది. ఎదురుగా ఒకబ్బాయి నిలువునా తడిసి నిలబడ్డాడు. చేతిలో గొడుగుంది కానీ అది మొత్తం లాప్‌టాప్ బ్యాగ్ మీదే ఉంది.

"మీరు... RV?"

"రుత్విక్ వేముల. ఊరు వరంగల్. బగ్ కాదన్నది నేనే."

"కార్‌లో వెయిట్ చేయొచ్చు కదా? Hail ఆగేదాకా?"

"రెండు గంటలకు వస్తనన్న. రెండైంది."

ఆద్యకి నవ్వొచ్చింది. గొడవపడాలని సిద్ధంగా ఉన్న మనిషికి అలా నవ్వు రావడం ఇబ్బందే. టవల్ తెచ్చి ఇచ్చింది.

విజయశ్రీ టీ తెచ్చింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "వీసా స్టేటస్ ఏంటి బాబూ?"

"H-1B ఆంటీ."

"ఓహో," అంది విజయశ్రీ. ఆ ఓహో కొంచెం పొడుగ్గానే ఉంది.

పరంధామయ్యగారు మోహనం పాడారు. రుత్విక్ కొలిచాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, ఆయన గాంధారం పుస్తకంలో లెక్కకి పదహారు భాగాలు కిందుంది. దిగేటప్పుడు ఇంకో నాలుగు భాగాలు కిందికి వెళ్తోంది. మళ్ళీ పాడమన్నాడు. మళ్ళీ అంతే. ఏడుసార్లు పాడించినా అంతే.

"ఏడుసార్లూ ఒకటే చోట!" రుత్విక్ స్క్రీన్ మీంచి తలెత్తాడు. "సార్, తప్పు నాదే. మీ గాంధారం పెడత."

"పెట్టు. ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి," అన్నారాయన. రెండేళ్ళలో ఆయన సంగీతం గురించి అంత ఇష్టంగా మాట్లాడ్డం ఆద్య వినలేదు.

ఆ ఉత్సాహంలోనే ఆమె తాతయ్య కచేరీకని లైబ్రరీలో కమ్యూనిటీ రూమ్ బుక్ చేసింది. శనివారం, మూడు నుంచి అయిదు. తాతయ్య తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు.

"ఎవర్ని అడిగి బుక్ చేశావ్?" అన్నారాయన.

"ఎవర్నీ అడగలేదు."

"ఆరు వారాలే ఉంది!"

"ఆరు వారాలుంది," అంది ఆద్య.

అసలు చిక్కు తరవాత వచ్చింది. గాంధారం సరైన చోటే నిలబడింది కానీ ఆయన ఎడమ చెయ్యి నిలబడ్డం లేదు. గమకం తెలిసింది ఆ చేతికే. పలక మీద వేలు వణికితే స్వరమూ వణుకుతోంది. రుత్విక్ వారమంతా ఆఫీస్ అయ్యాక కూర్చుని, వణుకుని తుడిచేసేలా ప్రోగ్రామ్ మార్చి తెచ్చాడు.

పరంధామయ్యగారు వాయించారు. వణుకు పోయింది. దాంతోపాటు గమకమూ పోయింది. ప్రోగ్రామ్‌కి రెండూ ఒకటే. స్వరాలన్నీ ఇస్త్రీ చేసిన బట్టల్లా పడి ఉన్నాయి.

ఆయన లేచి వెళ్ళి గోల్ఫ్ పెట్టుకున్నారు.

"ఈ ఏజ్‌లో ఇంత వాయిస్తే చాలు కదా," అన్నాడు రుత్విక్ మెల్లగా. ఓదార్పుగా అందామనుకున్నాడు పాపం.

"చాలు అంటే?"

"అంటే... ప్లెయిన్ నోట్స్..."

"మా క్లినిక్‌లో కూడా అందరూ అదే అంటారు. ఈ ఏజ్‌కి ఇది చాలు, ఆ ఏజ్‌కి అది చాలు. నీ చెయ్యి అలా అయితే నీకు చాలా?" ఆద్య గొంతు పెరిగింది. "చేయలేకపోతే చేయలేను అని చెప్పు. చాలు అని చెప్పకు."

రుత్విక్ మొహం ఎర్రబడింది. లాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మెసేజ్ లేదు. తరవాతి రోజూ లేదు.

అతను చేయకపోతే నేనే చేస్తాననుకుంది ఆద్య. కోడ్ తెరిచింది. కాలేజీలో ఒక సెమిస్టర్ నేర్చుకున్న ప్రోగ్రామింగ్ ఎక్కడికీ చాల్లేదు. రెండు వారాలు తిప్పలుపడి ఒక మార్పు చేస్తే సారణి మొత్తానికే మూగబోయింది. అయితే ఆ తిప్పల్లోనే ఆమెకి ఒకటి తోచింది. కోడ్ రాకపోతేనేం, చేతులు తెలుసు. తాతయ్య చేతిని వీడియో తీసి, నిదానంగా తిప్పి తిప్పి చూసింది. వణుకు సన్నగా ఒకే చోట కొట్టుకుంటుంది. గమకం బయల్దేరుతుంది, ఎక్కడికో చేరుతుంది. గమకానికి ముందు మణికట్టు కొంచెం వంగుతుంది, వేలు పలక మీద కాస్త గట్టిగా ఆనుతుంది. వణుకుకి ముందు అవేమీ ఉండవు.

ఈ సంగతి రుత్విక్‌కి చెప్పాలి. పొగరు అడ్డొచ్చింది. రెండ్రోజులు పొగరుతో పోట్లాడి, గురువారం మధ్యాహ్నం ఒక పేషెంట్ రాకపోవడంతో, అతనికి ఫోన్ చేద్దామనుకుంటూ ఇంటికొచ్చింది.

ఇంటి ముందు రుత్విక్ కార్ ఉంది.

లోపల్నుంచి తాతయ్య తిట్టు వినిపించింది. "అది కాదురా! దూకకు. జారు. మళ్ళీ!"

రుత్విక్ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, వంకర గొంతుతో మోహనం పాడుతున్నాడు. ఆద్యని చూసి ఆగిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆద్య.

"మూడో వారం," అన్నారు తాతయ్య. "రోజూ లంచ్ టైమ్‌లో వస్తాడు. నీకు చెప్పొద్దన్నాడు. గొంతు దరిద్రం, ఓపిక బంగారం."

"ఎందుకు చెప్పలేదు?"

రుత్విక్ లేచి నిలబడ్డాడు. "చాలు అన్నది తప్పు. గమకం అంటే ఏందో తెల్వకుండ దాన్ని తుడిచేసిన. ముందు నేర్చుకుందామని వచ్చిన. ఇంకా రాలే. వచ్చినంక చెప్దామని..."

ఆద్య ఫోన్ తీసి వీడియో పెట్టింది. "ఇక్కడ చూడు. Wrist. చూశావా? ఇప్పుడు ఫింగర్ ప్రెషర్. పలకకి ప్రెషర్ తెలుస్తుంది కదా?"

అతను వీడియో చూశాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. తరవాత ఆమె వంక చూశాడు. ఆ చూపు మామూలుకంటే ఓ రెండు క్షణాలు ఎక్కువే నిలబడింది.

"నొక్కుడు తెలుస్తది," అన్నాడు. "ఇదే. ఇదే కావాలె నాకు!"

"అయితే కూర్చో."

"ఆఫీస్ మీటింగ్ ఉంది, ఒంటిగంటకు."

"ఇక్కడే అటెండ్ అవ్వు."

మిగిలింది రెండు వారాలు. తాతయ్య గమకాలు రెండు వందలు రికార్డ్ చేశారు. ఒక్కోటి విని ఇది వణుకు, ఇది గమకం అని ఆద్య గుర్తులు పెట్టింది. రుత్విక్ రాశాడు, పడేశాడు, మళ్ళీ రాశాడు. నలభై మూడో సారి కొత్త ప్రోగ్రామ్ పెట్టినప్పుడు పరంధామయ్యగారు గాంధారం మీద వేలు ఆనించి, మెల్లగా పంచమం వైపు జరిపి, సగం దారిలో ఆగి వెనక్కొచ్చారు. స్వరం ఆయన వెంట వెళ్ళింది, ఆయన వెంటే వచ్చింది. ఎక్కడా వణకలేదు.

ఆయన పలక మీంచి చెయ్యి తియ్యకుండా కుడి చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. ఆద్య వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగింది. వెనకాలే రుత్విక్ కూడా నీళ్ళ కోసం వచ్చాడు. ఇద్దరికీ దాహం లేదు. ఏదో చెప్పబోయి, "గ్లాస్ ఎక్కడ పెట్టాలె?" అని అడిగి వెళ్ళిపోయాడు.

శనివారం లైబ్రరీ రూమ్‌లో ముప్ఫై మందికి కుర్చీలు వేస్తే నలభై రెండు మంది వచ్చారు. ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉన్న ఆద్య నాన్న రవిశంకర్ ముందు రోజే దిగి, ఫోన్ పట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. పరంధామయ్యగారు మోహనం పద్దెనిమిది నిమిషాలు వాయించారు. మధ్యలో రెండుసార్లు చెయ్యి అలసిపోయి ఆగారు. ఆగిన రెండుసార్లూ ఎవరూ కదల్లేదు. మూడోసారి ఎత్తుకున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు.

అందరూ ఆయన్ని చుట్టుముట్టారు. రుత్విక్ మాత్రం మెల్లగా బయటికి జారుకున్నాడు. ఆద్య చూసింది. వెళ్ళింది.

బయట చినుకులు. చూరు కింద అతనొక్కడే ఉన్నాడు.

"ఎక్కడికి?" అంది.

"ఇంటికి. అయిపోయింది కదా పని."

"నాకు అవ్వలేదు. నువ్వంటే నాకు ఇష్టం, రుత్విక్. వట్టి లైక్ కాదు. చాలా ఇష్టం. నువ్వు చెప్తావని రెండు వారాలు చూశాను. నువ్వు గ్లాస్ గురించి అడిగావు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. వాన వైపు తిరిగి మాట్లాడాడు.

"నాక్కూడ ఇష్టమే. ఆ వడగళ్ళ రోజు నుంచే. చెప్పొద్దనుకున్న."

"ఎందుకు?"

"నువ్వు సిటిజన్. నేను H-1B. గ్రీన్ కార్డ్ లైన్ల ఎన్నేండ్లుంటనో నాకే తెల్వదు. రేపు ఏ పార్టీకి పోయినా అందరూ అదే అంటరు, కార్డ్ కోసం పట్టిండని. వాళ్ళ సంగతి పక్కనపెట్టు. మీ అమ్మగారు అట్ల అనుకుంటే నేను తట్టుకోలేను. ఆ ఇంట్ల అన్నం తిన్న."

ఆద్య అతని చెయ్యి పట్టుకుంది.

"పద."

"ఎక్కడికి?"

"అడుగుదాం."

"ఇప్పుడా? అయ్యో, ఆద్యా, ఆగు..."

ఆగలేదు. రూమ్‌లో జనం పల్చబడ్డారు. విజయశ్రీ కుర్చీలు మడతపెడుతోంది. నాన్న ఒక మూల రికార్డింగ్ ఎవరికో చూపిస్తున్నాడు.

"అమ్మా, నేను రుత్విక్‌ని పెళ్ళి చేసుకుంటాను. నువ్వు గ్రీన్ కార్డ్ కోసం అనుకుంటావని తను భయపడుతున్నాడు. అనుకుంటావా?"

రుత్విక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాన్న చేతిలో ఫోన్ కిందికి దిగింది.

విజయశ్రీ చేతిలో కుర్చీ గోడకి ఆనించింది.

"మొదటి రోజు అనుకున్నాను," అంది. "అబద్ధమెందుకు? ఆ తరవాత ఈ అబ్బాయి రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. నేను పైన వర్క్ చేసుకుంటూ, మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని వినేదాన్ని. మా నాన్న తిడతారు, ఇతను మళ్ళీ పాడతాడు. మళ్ళీ తిడతారు, మళ్ళీ పాడతాడు. నువ్వు ఇంట్లో లేవు. నీకు తెలియను కూడా తెలియదు. ఎవరి మెప్పు కోసం వచ్చాడు చెప్పు?"

ఆమె తండ్రి వైపు చూసింది. "నేను మా నాన్న దగ్గర రెండేళ్ళు కూర్చుని వీణ నేర్చుకోలేక పారిపోయాను. ఇతను పారిపోలేదు."

పరంధామయ్యగారు కుర్చీలోంచి, "పెళ్ళంటే నాకేం అభ్యంతరం లేదు. పెళ్ళిలో వీడు పాడనని మాటిస్తే చాలు," అన్నారు. రవిశంకర్ పగలబడి నవ్వి, వచ్చి రుత్విక్ భుజం మీద చెయ్యి వేశాడు.

రుత్విక్ కళ్ళు తెరిచాడు. విజయశ్రీ కాళ్ళకి దండం పెట్టబోయాడు. ఆమె లేవదీసి జుట్టు సవరించింది.

"మీ అమ్మా నాన్నల నంబర్ ఇవ్వు బాబూ. వరంగల్‌లో ఇప్పుడు టైమెంత?"

"పొద్దుగాల మూడు ఆంటీ."

"అయితే వాళ్ళు లేచేదాకా ఆగుదాం. అయిదుకి రూమ్ ఖాళీ చెయ్యాలి. ఆ చివర్నుంచి కుర్చీలు మడతపెట్టు. ఆద్యా, నువ్వు ఈ చివర్నుంచి."

ఇద్దరూ చెరో చివరా మొదలుపెట్టారు. వరసలకి వరసలు కుర్చీలు. మధ్యలో కలుసుకునేందుకు ఎవరూ ఎన్నడూ అంత తొందరగా మడిచి ఉండరు.