బస్సు కంటే అయిదు నిమిషాలు ముందు

“జర ఈడ సంతకం పెట్టు.”

పరమేష్ కాగితం చదివాడు. చిన్న మంగళారం నుంచి మెహదీపట్నానికి పొద్దున ఏడింటికి బస్సు కావాలట. అడుగుతున్నది అతని సెవెన్ సీటర్ ఆటోలో, అతని పక్కనే కూర్చున్న పింకీ.

“నా కడుపు మీద కొట్టే కాగితం మీద నేనే సంతకం పెట్టాల్నా?”

“ఏడుగురు పట్టే ఆటోల పన్నెండు మందిని కుక్కుతవ్. ఆఫీసు చేరేవరకు మొఖమంత మసి. ఒక్క బస్సొస్తే ఊరికి మంచి గాలన్న దక్కుతది.”

“మసి నీకు మంచిగనే ఉంటది.”

ఆమె నవ్వు ఆపుకుంది. అది చూసి పరమేష్ మొదటి సంతకం పెట్టేశాడు. ఆ పిల్ల నవ్వితే ఇల్లు రాసిచ్చే రకం, సంతకమెంత!

గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. పింకీకి అక్కడే కంప్యూటర్ ఉద్యోగం. కంపెనీ కారు మెహదీపట్నం దాటి ఇంత దూరం రాదు. తండ్రి మైసయ్య ఒక్కటే మాట చెప్పాడు: “జల్దీ బస్సొస్తే పో, లేకుంటే బంద్ చెయ్. ఆటోలల్ల ఇరుక్కోని పోయే నౌకరి మనకొద్దు.” ఆ సంగతి పరమేష్‌కూ తెలుసు. పెద్దవాళ్లు అట్లాగే బెదిరిస్తారులే అనుకున్నాడు.

సంతకాల కోసం పింకీ దారిలోని కనకమామిడి ఊరి దాకా ఇల్లిల్లూ తిరిగింది. చివరికి డిపో వాళ్లు ఒప్పుకున్నారు. నెల రోజులు చూస్తాం, సీట్లు నిండకపోతే తీసేస్తాం అన్నారు.

మొదటిరోజు ఆమె బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. పరమేష్ పక్క సీటు ఖాళీ. బస్సు మరిగిన పిల్ల ఇక ఆటో వైపు చూస్తుందా?

మర్నాడు ఆరూ యాభై అయిదుకే బయల్దేరాడు.

“బస్సెప్పుడొస్తదో ఏమో, ఎక్కు అవ్వా” అంటూ పూలమ్మే అంతమ్మను గంపతో సహా ఎక్కించుకున్నాడు. ప్రతి స్టాపూ ఊడ్చుకుపోయాడు. అతన్ని చూసి మరో ముగ్గురు ఆటోవాళ్లూ అదే పట్టారు. వెనక బస్సులో పింకీ, కండక్టరు, బోలెడు ఖాళీ సీట్లు.

ఒక వానరోజు కనకమామిడి మలుపు దగ్గర ఆటో బురదలో మెల్లబడింది. బస్సు దాన్ని దాటింది. ఎక్కాల్సిన జనమంతా ఆటోలో కుక్కి ఉండటం పింకీ చూసింది. హ్యాండిల్ దగ్గర పరమేష్‌నూ చూసింది. ఆ రోజు చెయ్యి ఊపలేదు.

నెల తిరిగింది, బస్సు బంద్. మైసయ్య ఉద్యోగమూ మాన్పించాడు. ఆయనది ఉత్త బెదిరింపు కాదని పరమేష్‌కు అప్పుడు తెలిసింది.

వారం తర్వాత అతను కొత్త కాగితం పట్టుకుని వాళ్ల టమాట తోటకు వెళ్లాడు.

“బస్సు మల్ల తెద్దాం. మొదటి సంతకం నువ్వే పెట్టాలె.”

పింకీ చేతులు తుడుచుకుని కాగితం పూర్తిగా చదివింది.

“బస్సుంటే నౌకరి ఉండేది. నౌకరుంటే నా పెండ్లి మాట నేనే మాట్లాడుకుందు. బాపుకు నీ పేరే చెప్దామనుకున్న.”

“తప్పయింది పింకీ. నువ్వు నా పక్క సీట్లకెంచి పోతవని భయపడ్డ. నువ్వంటే నాకు…”

“తెలుసు. మొదటి సంతకం పెట్టిన్నాడే తెలుసు.” కాగితం మడిచి అతని జేబులో పెట్టింది. “నేను పెట్ట. పొద్దుగాల లేచి నాకిప్పుడు ఏడికి పోయేదున్నది?”

నిండిన టమాట బుట్ట ఎత్తడానికి పరమేష్ వంగాడు.

బుట్టకు చెయ్యి పట్టమని పింకీ, పక్క మడిలో పూలు తెంపుతున్న అంతమ్మను కేకేసింది.