కట్టు మీద ఖాళీ చోటు

"ఏదీ, వేళ్లు కదిలించు. కదులుతున్నాయా? ఉన్నట్టుండి కదలడం మానేస్తే ఏం చెయ్యాలే తల్లీ!"

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిచ్చుక ఇంకా బూట్లయినా విప్పలేదు. అప్పుడే మొదలుపెట్టింది అమ్మ.

పిచ్చుక అసలు పేరు కాదు. నోరు ఆగదని ఇంట్లో అలా పిలుస్తారు. వారం కిందట బడి మెట్ల మీద పడి తన ఎడమ మణికట్టు విరిగింది. మోచెయ్యి దాకా సిమెంటు కట్టు వేశారు. "వేళ్లు నీలంగా మారితే వెంటనే తీసుకురండి" అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి అమ్మకు ఇదే పని.

"కదులుతున్నాయమ్మా. ముందు ఇది చూడు!"

కట్టు నిండా పేర్లే. క్లాసులో అందరూ స్కెచ్ పెన్నులతో రాశారు. బొటనవేలి దగ్గర మాత్రం కొంచెం ఖాళీ ఉంది.

"బొంగరం రాయలేదా?" అడిగింది అమ్మమ్మ.

బొంగరం పిచ్చుక బెంచీలోనే కూర్చుంటుంది. ఒక్కచోట నిలవదని ఆ పేరు.

"అదెందుకు రాస్తుంది? అదే కదా నా చెయ్యి లాగింది! కావాలనే లాగింది. లెక్కల్లో నాకు ఎక్కువ వచ్చాయని కుళ్లు!"

పడిన రోజు పిచ్చుక "ఎవరో లాగినట్టయింది" అంది. మర్నాడు "బొంగరం లాగింది" అంది. తర్వాత "కావాలనే" వచ్చి చేరింది. చెయ్యి సలిపినప్పుడల్లా కథకు ఇంకో ముక్క అతుక్కునేది.

ఇంతలో అమ్మ కెవ్వుమంది.

"అయ్యో! చిటికెన వేలు నీలమైపోయింది! రక్తం ఆడటం లేదు! చెయ్యి తీసేస్తారో ఏమో! అమ్మా, తాళం ఎక్కడ?"

సంచీ భుజాన వేసుకుంది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అమ్మమ్మ చెప్పు. అలాగే గుమ్మం దాకా వెళ్లింది.

అమ్మమ్మ మాత్రం తువాలు అంచు తడిపి, పిచ్చుక వేలు తుడిచింది. నీలం తువాలుకు అంటుకుంది.

"స్కెచ్ పెన్నే తల్లీ" అంది.

పిచ్చుక పడీ పడీ నవ్వింది. "నన్ను అడిగితే చెప్పేదాన్ని కదమ్మా!"

అమ్మ గుమ్మంలోనే కూలబడింది. కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వేసింది.

"నేను చూసింది నీలం ఒక్కటే. మిగతాదంతా నేనే అల్లేసుకున్నా."

"తల్లికి తగ్గ కూతురు!" అంది అమ్మమ్మ. "దీనికి చేతికి కట్టు, నోట్లో కట్టుకథ."

పిచ్చుకకు రోషం వచ్చింది. "నాది కట్టుకథ కాదు! నొప్పి అబద్ధమా?"

"నొప్పి నిజమే. లాగడమూ నిజమేనేమో. కావాలనే అని నీకెవరు చెప్పారు?"

పిచ్చుక కట్టు మీది ఖాళీ చోటును వేలితో తడిమింది.

మర్నాడు ఇంటర్వెల్‌లో బొంగరం మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. పిచ్చుక వెళ్లి పక్కనే కూర్చుంది. ఇద్దరి మధ్యా స్కెచ్ పెన్ను పెట్టింది.

"ఆ రోజు ఇక్కడ ఏమైందే? నువ్వు చెప్పు, వింటా."

బొంగరం తల వంచుకుంది.

'తప్పు చేసింది కాబట్టే మాట్లాడటం లేదు.' మాట పిచ్చుక నాలుక చివరి దాకా వచ్చింది. చెయ్యి సలిపింది. పెదాలు గట్టిగా బిగించుకుంది.

బొంగరం బూటు లేసు విప్పింది. మళ్లీ కట్టింది. బెల్లు కొట్టారు. పిల్లలంతా వాళ్లను దాటుకుంటూ పైకి పరుగెత్తారు. మెట్లు ఖాళీ అయిపోయాయి. టీచరు తిడుతుందని తెలిసినా పిచ్చుక లేవలేదు. నోరూ విప్పలేదు.

చివరికి బొంగరం తన పొడుగు చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి మీద పెద్ద పుండు, నల్లగా చెక్కు కట్టి ఉంది.

"నువ్వు జారుతుంటే పట్టుకున్నానే. నీతోపాటే పడ్డాను" అంది మెల్లగా. "ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఉంటే నీ చెయ్యి విరిగేది కాదు. అందుకే పేరు రాయలేదు."