ఊక కింద రెండు వందల పెట్టెలు

ఉదయం ఆరింటికి సూర్యాపేట లాడ్జిలో వినోద్ టీ తాగాడు. ఆరూ పదికి చనిపోయాడు.

పోలీసులు వచ్చి గది తలుపు కొట్టే సమయానికి, హైవే పక్కనున్న అతని గోడౌన్ ఖాళీ అయిపోయింది. తాళం పగలలేదు. తాళంచెవితోనే తెరిచారు. లోపల ఉండాల్సిన రెండు వందల ఇనుప పెట్టెల్లో ఒక్కటి కూడా లేదు.

వినోద్ జియాలజిస్ట్. పెన్‌పహాడ్ చుట్టుపక్కల పద్నాలుగు చోట్ల బోరు మిషన్ దింపి, భూమి లోపలి రాతిని కడ్డీల్లాగా బయటికి తీసి, ఆ పెట్టెల్లో వరుసగా పేర్చాడు. ఆ రాతిలో లిథియం ఉంది. చేతిలో ఫోన్ దగ్గర్నుంచి రోడ్డు మీద కరెంటు కారు దాకా బ్యాటరీ పెట్టిన ప్రతిదానికీ కావాల్సిన సరుకు అది.

ఏడింటికి ఏజెంట్ మహేశ్వర్ ఫోన్ మోగింది. అవతల సెక్షన్ లెవెన్ అనే గూఢచారి విభాగం చీఫ్ రామనర్సయ్య.

"టైమ్ తక్కువ. విను. ఇది వైట్ క్రేన్ పని."

వైట్ క్రేన్ అంటే విదేశీ ముఠా. బ్యాటరీల ముడిసరుకు ఎక్కడ బయటపడితే అక్కడ వాలుతుంది.

"సాయంత్రం నాలుగింటికి సూర్యాపేటలో గనుల కమిటీ. పెట్టెలు ఎదురుగా లేకపోతే అక్కడ లిథియం లేదని రాసి ఫైల్ క్లోజ్ చేస్తారు. ఐదింటికి అదే భూమి పలుగురాళ్ల క్వారీ కింద ఒక కోదాడ కంపెనీకి పోతుంది. బోర్డు మీద పేరు తెలుగులోనే ఉంది. వెనకున్నది వైట్ క్రేన్."

మహేశ్వర్‌కు అర్థమైంది. చిన్న క్వారీ అంటే ఊళ్లో సభ పెట్టి జనాన్ని అడగక్కర్లేదు. నీళ్ల పరీక్ష అక్కర్లేదు. లిథియం రాయిని పొడి కొట్టి, పలుగురాయి పొడి అని పేరు రాసి, ఓడ ఎక్కించేస్తారు.

"ఒక్క రోజు వాయిదా అడగండి సార్."

"అడిగాను. డేట్ ప్రింట్ అయిపోయిందట. మార్చాలంటే మినిస్టర్ సంతకం కావాలి. ఆయన ఏదో సోలార్ ప్లాంట్ ఓపెనింగ్‌కు పోయాడు."

వినోద్ నిన్న సాయంత్రం ఒక మెసేజ్ పంపాడని చీఫ్ చెప్పాడు. గోడౌన్ మీద ఎవరో కన్నేశారు, ఏమైనా జరిగితే మిర్యాలగూడ మిల్లుల్లో వెతకండి, అక్కడ మన మనిషి ఒకరున్నారు అని అందులో ఉంది. పేరు రాయలేదు. కోడ్ మాత్రం ఇచ్చాడు. మనం "సాగర్ నీళ్లు ఎప్పుడు వదుల్తరట?" అని అడగాలి. అవతలివాళ్లు "గీసారి వదలరు" అనాలి.

మహేశ్వర్ వేషం మార్చాడు. తెల్ల చొక్కా, నోట్లో పాన్, చేతికి కెమెరా దాచిన బంగారు రంగు వాచీ. ఊక కొనడానికి వచ్చిన ఇటుకబట్టీ ఓనర్. జేబులో టార్చిలైటులా కనిపించే స్పార్క్ గన్ ఉంది. రాయి మీద కొడితే, లిథియం ఉన్నచోట చిన్న స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత వస్తుంది. కారు కూడా డిపార్ట్‌మెంట్ కొత్తగా కొన్నదే. ఎలక్ట్రిక్. గన్‌లో బ్యాటరీ ఇరవై రెండు శాతం, కారులో ముప్పై. రెండూ రాత్రంతా చార్జింగ్‌లోనే ఉన్నాయని స్టోర్ క్లర్క్ ప్రమాణం చేశాడు. ప్లగ్ స్విచ్ వేశాడో లేదో చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు మిర్యాలగూడ. మిల్లుల వరుస ముందు టీ కొట్టు దగ్గర మహేశ్వర్ కారు ఆపి, పదిమందికి వినపడేలా కోడ్ అడిగాడు.

"సాగర్ నీళ్లు ఎప్పుడు వదుల్తరట?"

"గీసారి వదలరు," అంది పక్కనే నిలబడి టీ తాగుతున్న ఒక ఆడమనిషి. తల నిండా ఊక దుమ్ము, భుజం మీద చీపురు. మిల్లులో ఊడ్చే కూలీ. ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది. మహేశ్వర్ తల తిప్పుకునేలోపే టీ కొట్టు ఆయన అన్నాడు, "గీసారి వదలరు." లారీ డ్రైవర్ అన్నాడు. త్రిపురారం నుంచి వడ్ల రేటు కనుక్కోవడానికి వచ్చిన ముసలాయన కూడా అదే మాట అని, అక్కడితో ఆగకుండా మూడేళ్ల కాలువ చరిత్ర చెప్పాడు. నార్లు ఎండిపోతున్న సీజన్‌లో మిర్యాలగూడలో ఎవరినడిగినా వచ్చే జవాబే అది. ఈ కోడ్ పెట్టినవాడిని ఏమనాలో మహేశ్వర్‌కు తోచలేదు.

అప్పుడు ఒక నల్ల కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపల నల్ల కళ్లజోడు, పట్టుచీర, సెంటు వాసన.

"గీసారి వదలరు," అంది ఆమె చిన్నగా నవ్వి. "నా పేరు సోనీ. ఎక్కండి."

మహేశ్వర్ మరో ఆలోచన లేకుండా ఎక్కాడు.

వైట్ క్రేన్‌లో మన తరఫున పనిచేస్తున్న డబుల్ ఏజెంట్‌నని ఆమె చెప్పుకుంది. పెట్టెలు స్టేషన్‌లో ఉన్నాయట. గూడ్స్ రైలు మూడో వ్యాగన్లో, తవుడు బస్తాల కింద. వ్యాగన్ తెరవాలంటే గూడ్స్ సూపర్‌వైజర్ కావాలి. ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. మీటింగ్ అయ్యాక భోజనానికి వెళ్లాడు. భోజనం అయ్యాక లెటర్ హెడ్ మీద రాసిస్తేనే సీల్ తీస్తానన్నాడు. చీఫ్ ఢిల్లీకి ఫోన్ చేస్తే అటెండర్ ఎత్తి, సార్ కారిడార్‌లో ఉన్నారని చెప్పాడు. చివరికి తలుపు తెరిచేసరికి పన్నెండూ నలభై. మహేశ్వర్ బస్తా బస్తాకూ రంధ్రం చేసి స్పార్క్ గన్ కొట్టాడు. తవుడు, తవుడు, మళ్లీ తవుడు. పంతొమ్మిదో బస్తా దగ్గర గన్ ఆరిపోయింది. వెనక్కి తిరిగితే సోనీ లేదు.

ఆటో పట్టుకుని టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. తాను పార్క్ చేసిన కారుకు ఆనుకుని చీపురు పట్టుకున్న ఆడమనిషి నిలబడి ఉంది.

"పొద్దటి సంది నీకోసమే సూస్తున్న సారూ. అందరికంటె ముందుగాల జవాబు చెప్పింది నేనే గదా. నా మొకం కూడ సూడకపోతివి."

ఆమె పేరు సాలి. పెన్‌పహాడ్ దగ్గర తండా. పద్నాలుగో నంబరు బోరు వేసింది ఆమె రెండెకరాల చేనులోనే. నెల రోజులు వినోద్ పెట్టెలకు కాపలా కాసింది ఆమే. పనులు లేని కాలంలో ఇక్కడ మిల్లుకు వస్తుంది. సెక్షన్ లెవెన్ మనిషి అంటే ఇన్నాళ్లూ ఈమెనే.

మహేశ్వర్‌కు ఇప్పుడు తెలిసింది. వినోద్‌ను చంపినవాళ్లు అతని ఫోన్ కూడా తీసుకున్నారు. కోడ్ సోనీకి అలా దొరికింది. ఆమె పట్టుచీర చూసి తాను నమ్మాడు. కారణం అంతే.

"పెట్టెలు ఎక్కడున్నయో తెలుసా?"

"పన్నెండింటికి ఒక ఊక లారీ పోయింది. ఊక ఎంత నింపినా లారీ టైర్లు అణగవు. నేను పదేండ్ల సంది సూస్తున్న. గా లారీ టైర్లు సగం దిగినయి. కోదాడ దిక్కు పోయింది."

లెక్క సరిపోయింది. రాళ్ల లారీని ఆంధ్రా బార్డర్‌లో ఆపి మైనింగ్ పర్మిట్ అడుగుతారు. ఊక లారీని ఎవరూ ఆపరు. మహేశ్వర్ కోదాడ చెక్‌పోస్టుకు ఫోన్ చేసి, ఊక లారీలన్నీ ఆపమన్నాడు. ఏ చట్టం కింద ఆపాలో మెయిల్ పెట్టమన్నారు.

కారు ఎక్కి బటన్ నొక్కాడు. మూడు శాతం. పొద్దున్నుంచి ఎండలో ఏసీ ఆన్‌లోనే ఉండిపోయింది. పెట్రోల్ బంకు పక్కన చార్జింగ్ మిషన్ ఉంది, దానికి ప్రారంభోత్సవం రిబ్బను కూడా ఇంకా ఉంది, కనెక్షన్ మాత్రం రాలేదు.

"మా ఆయన ట్రాలీ ఆటో ఉంది," అంది సాలి.

ఆమె భర్త మంగ్త్యా డీజిల్ ట్రాలీ తెచ్చాడు. నల్లటి పొగ వదులుతూ బండి నేరేడుచర్ల దాటింది, హుజూర్‌నగర్ దాటింది. ఆ గోలలోనే సాలి తన సంగతి చెప్పింది. బోరు నలభై ఒక్క మీటర్లు దిగినప్పుడు నీళ్ల ఊట తగిలింది. ఆమె బావికి వచ్చే ఊట అదే. వినోద్ పెట్టెలో ఆ చోట చెక్క ముక్క పెట్టి, దాని మీద 'నీళ్లు' అని రాశాడు. ఇది రికార్డులోకి ఎక్కితే మిమ్మల్ని అడగకుండా ఎవరూ తవ్వలేరని ఆమెకు మాటిచ్చాడు.

"గా పెట్టె పోతే మా బాయి పోయినట్టే సారూ."

"పెట్టె దొరికితే పెద్ద గని వస్తుంది. అది కూడా మంచిది కాదేమో నీకు."

"ఏది మంచిదో నువ్వే చెప్పు. సదువుకున్నోనివి."

రోడ్డు పక్క స్తంభాల మీద క్లీన్ ఎనర్జీ బోర్డులు వెనక్కి పోతున్నాయి. ఆ బోర్డుల మీద నవ్వుతున్న రైతు ఎవరో, అతని బావిలో నీళ్లున్నాయో లేవో.

కోదాడ ఇంకో ఆరు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు ఆగిపోయింది. ఊరి సెంటర్‌లో ఊక లారీ అడ్డంగా నిలబడి ఉంది. పైన కరెంటు తీగ తెగి, ఊక కట్టిన వలకు చుట్టుకుంది. చుట్టూ యాభై మంది.

సాలి నవ్వింది. ఊక లారీ ఊళ్లోకి వస్తే పైన ఒక మనిషి కూర్చుని, వెదురు కర్రతో తీగలు ఎత్తి పట్టాలి. మిర్యాలగూడలో లారీ క్లీనర్లందరికీ అది తెలుసు. విషాలూ నకిలీ తాళంచెవులూ తెలిసిన వైట్ క్రేన్‌కు అది తెలియదు.

లారీ ముందు సోనీ నిలబడి జనంతో వాదిస్తోంది. ఊళ్లోవాళ్లు వినడం లేదు.

"మీరెవరైనా మాకు అనవసరమండి," అన్నాడు ఒక పెద్దాయన. "లైన్‌మెన్ వచ్చి కరెంటు ఇచ్చేదాకా బండి కదలదు."

మహేశ్వర్ లారీ ఎక్కి ఊకలోకి భుజం దాకా చెయ్యి దూర్చాడు. చల్లటి ఇనుము తగిలింది.

అతను కిందికి దిగగానే సోనీ దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"తీసుకెళ్లి ఏం చేస్తావ్? మీవాళ్లు బోర్డు మార్చి అదే గొయ్యి తవ్వుతారు. మేము దొంగతనంగా తవ్వుతాం, వాళ్లు రిబ్బను కట్ చేసి తవ్వుతారు. తేడా ఏంటి?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే మహేశ్వర్‌కు ఎక్కువ మండింది.

సమాధానం సాలి చెప్పింది. "దొంగలను అడిగేటందుకు దిక్కు లేదు. సర్కారోల్లనైతే కుర్చీల కూసుండవెట్టి అడుగుత."

సోనీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పగానే సూది మెరిసింది. వినోద్ టీలో కలిసింది ఈ మందే అయివుంటుంది. సూది మెడ దగ్గరికి వచ్చేలోపు మహేశ్వర్ జేబులోని స్పార్క్ గన్ లాగి ఆమె మణికట్టు మీద కొట్టాడు. లిప్‌స్టిక్ ఎగిరి మురికి కాలువలో పడింది. ఆ రోజు ఆ గన్ పనికొచ్చింది అప్పుడొక్కసారే.

పెద్దాయనతో సాలి మాట్లాడింది. ఆమె ఏం చెప్పిందో గానీ, ఇద్దరు మనుషులు వెదురు కర్రలు పట్టుకుని లారీ పైకెక్కారు. లైన్‌మెన్ వచ్చి తీగ తప్పించాడు. మంగ్త్యా లారీ స్టీరింగ్ పట్టుకున్నాడు. సోనీనీ ఊక లారీ డ్రైవర్నీ కోదాడ పోలీసులకు అప్పగించి, హైవే ఎక్కేసరికి మూడు దాటింది.

మూడూ యాభై ఏడుకు లారీ సూర్యాపేటలో కమిటీ కూర్చున్న ఆఫీసు గేటుకు తగిలినంత పని చేసి లోపలికి వచ్చింది. మెట్ల మీద ఊక కురిసింది. కమిటీ సెక్రటరీ వనిత వాచీ చూసుకుంటూ బయటికి వచ్చింది. ఫైల్ మీద క్లోజ్డ్ అని స్టాంపు వేయడానికి లోపల క్లర్క్ సిరా ప్యాడ్ తెరిచి పెట్టుకున్నాడు.

మహేశ్వర్ పద్నాలుగో బోరు పెట్టె దింపించి, చెక్క ముక్క చూపించాడు. నీళ్ల సంగతి కూడా రాసుకోమన్నాడు.

"అది మా కమిటీ పరిధి కాదు. వాటర్ వేరే డిపార్ట్‌మెంట్. వేరే అప్లికేషన్ పెట్టుకోండి. మీరు రసీదు రాయండి, నేను సంతకం పెడతాను. రెండు నిమిషాలే ఉంది."

సాలి చెక్క ముక్క మీద వినోద్ చేతిరాతను చూస్తూ నిలబడింది.

మహేశ్వర్ రసీదు పుస్తకం తీసుకున్నాడు. రెండు వందల పెట్టెలు అందినవి, అని రాశాడు. కింద రిమార్కుల గడి ఖాళీగా ఉంది. అందులో చిన్న అక్షరాలతో రాశాడు: బోరు 14, నలభై ఒక్క మీటర్ల దగ్గర నీటి ఊట. సాలి, మంగ్త్యా చేను. వీళ్లను అడగకుండా తవ్వరాదు.

వనిత గోడ గడియారం వైపు చూస్తూనే సంతకం పెట్టింది. క్లర్క్ స్టాంపు గుద్దాడు. మూడూ యాభై తొమ్మిది.

ఆరింటికి చీఫ్ ఫోన్.

"గుడ్ వర్క్. ఒక బ్యాడ్ న్యూస్. సోనీని వదిలేశారు. పైనుంచి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశాడట. పేరు అడగకు, నాకూ చెప్పలేదు."

మహేశ్వర్ పళ్లు కొరుక్కున్నాడు. వినోద్‌కు ఇదే ఊళ్లో ఇంకా పోస్ట్‌మార్టం కూడా పూర్తి కాలేదు.

"ఇంకోటి. రసీదులో నీళ్ల సంగతి ఎవడు రాశాడు? దానిమీద సంతకం ఉంది, స్టాంపు ఉంది. ఇప్పుడు తండాలో సభ పెట్టాల్సిందేనట. ఏడాది లేటు. దేశానికి లిథియం వద్దా?"

"కావాలి సార్. నా కారు మిర్యాలగూడలోనే ఉండిపోయింది, చార్జింగ్ లేక."

ఫోన్ పెట్టేశాక సాలి అడిగింది. "అయితే మా బాయి ఉంటదా?"

"ఏడాది ఉంటది. తర్వాత సభలో నువ్వే మాట్లాడాలి."

"మాట్లాడుత. ఆల్లు ఇంటరా?"

మంగ్త్యా హారన్ కొట్టాడు. అతని తమ్ముడు కోదాడ దగ్గర వదిలేసిన ట్రాలీ ఆటోను తోలుకొచ్చి గేటు బయట నిలబెట్టాడు. దేశాన్ని రేపు బ్యాటరీ మీద నడిపించే రాళ్లను కాపాడిన ఏజెంట్, కారు తెచ్చుకోవడానికి ఆ డీజిల్ ట్రాలీ వెనక ఎక్కి, ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నాడు.