బల్లికి గాదు, నాకు చెప్పు

"శ్రవణ్, నా వెనుక గోడ మీద బల్లి ఉన్నదా?" అడిగింది ఆశ్రిత.

"నో మేడమ్!" కుర్చీలో నిటారుగా కూర్చున్న శ్రవణ్, ఆమె తలకు జానెడు పైకి చూస్తూ గట్టిగా అన్నాడు.

"మరి నన్ను చూసి మాట్లాడు. పరీక్ష పెట్టే ఆఫీసర్‌తోటి గిట్లనే మాట్లాడ్తవా?"

"ఆఫీసర్ కండ్లల్లకు చూడొద్దని ఆర్మీల చేరిన నాడే నేర్పిండ్రు మేడమ్."

"ఇది పరేడ్ గాదు, ముచ్చట. ముచ్చట పెట్టరాకుంటే మార్కులు రావు."

వంటింటి గడప దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న సుశీల చెవులు ఇటే పెట్టింది. సెలవు మీద మొఘల్‌పురా ఇంటికొచ్చిన కొడుకు, ఈ ఇంగ్లీషు పరీక్ష పాసైతేనే శాంతిసేనతో విదేశం పోతాడు. పాసైతే ఆ దూరదేశంలో ఏమైతదో! ఫెయిలైతే పిల్లగాని ముఖం ఎట్ల చూసుడు! ఏది కోరుకోవాలో తెలియక, కొబ్బరికాయ మొక్కుకుని 'నీకే తెల్సు స్వామీ' అని వదిలేసింది. పై వాటాలో తల్లితో కిరాయికుండే ఈ టీచరమ్మ మాత్రం రోజూ సాయంత్రం వచ్చి వాణ్ణి సతాయిస్తూనే ఉంది.

బయట వాన మొదలైంది.

"ఆఖరి ప్రశ్న," అంది ఆశ్రిత. "అక్కడికి పోయినంక నీకు ఎవరు ఎక్కువ యాదికొస్తరు? ఇంగ్లీష్‌ల చెప్పు. బల్లికి గాదు, నాకు."

శ్రవణ్ చూపు మెల్లగా గోడ దిగింది. ఆమె బొట్టు దగ్గర కాసేపు ఆగింది. ఇంకొంచెం దిగి కండ్లల్లో పడింది. ఇక అంతే, ఇంగ్లీషు గడగడా వచ్చేసింది.

సుశీలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆశ్రిత కండ్లల్లో నీళ్లు మాత్రం కనబడ్డాయి. కత్తిపీట వదిలేసి ఉరికొచ్చింది.

"అయ్యో, ఫెయిలా బిడ్డా?"

"లేదాంటీ, పాస్." ఆశ్రిత చున్నీతో కండ్లు తుడుచుకుంది. "మస్తు పాస్."

"మరి ఏడుపేంది? ఏమన్నవ్‌రా ఆ పిల్లను?"

శ్రవణ్ లేచి అటెన్షన్‌లో నిలబడి, తల్లి తల మీదుగా క్యాలెండర్‌ను చూశాడు.

"గోడకు గాదురా, నాకు చెప్పు!"

"ఎక్కువ యాదికొచ్చేది తనే అన్న అమ్మా. తిరిగొచ్చినంక పెండ్లి చేసుకుందామన్న."

"మరి నేను యాదికి రానారా?"

"పూటపూటకు ఫోన్ జేస్తవ్. యాది మరవనిస్తవా?"

సుశీల చేతులు కొంగుకు తుడుచుకుని మెట్ల వైపు నడిచింది. "ఇప్పుడే పోయి వాళ్లమ్మను అడుగుత. ఈలోపల ఇంకో సంబంధం వస్తే?" రెండు మెట్లెక్కి ఆగిపోయింది. "అయ్యో, వాళ్లమ్మ వద్దంటే?"

"అనదాంటీ," గోడను చూస్తూ అంది ఆశ్రిత. "నిన్ననే చెప్పి ఒప్పించిన."

శ్రవణ్ ఆమె వైపు వంగి మెల్లగా అడిగాడు:

"ఏం మేడమ్, బల్లి ఉన్నదా?"