నాలుగో పాదం

పెదబయలు దాటి పైకెక్కితే వచ్చే కొండబడి అంటే వరహాలరావు పంతులికి ఒళ్లు మంట. విజయనగరం నీళ్లు తాగినవాడు మరి! కొండపిల్లలకు చదువు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని ఆయన నమ్మకం.

పొద్దుపోక ఒక ఆట కనిపెట్టాడు. పాటలో చంద్రుడికి బదులు సున్నా, చేపకు వంకర గీత, తలుపుకు రెండు నిలువు గీతలు. ఆ గుర్తులతో మూడు పాదాలు గీసి ఇచ్చేవాడు. పిల్లలు వాటిని విప్పి, నాలుగో పాదం సొంతంగా కట్టాలి. కట్టలేనివాళ్లకు ఒకటే మాట: "తప్పు. బయట నిలబడు."

దేముడమ్మ కూతురు కనక ఒక జడివాన రోజు సాయంత్రం దాకా అలా నిలబడింది. ఆ రాత్రి పట్టుకున్న జ్వరం మరి దిగలేదు. చావు కబురు విని పంతులు, "బలం లేని గుంట," అని పెరుగన్నం కలుపుకున్నాడు. అంత జాలిగుండె ఆయనది!

వారం తిరగకుండా ఇనస్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. దొరగారు మెచ్చుకుంటే మైదానానికి బదిలీ. అందుకని దారి పొడవునా రాళ్లమీద సుద్దతో తన గుర్తులు గీశాడు. దొర వాటిని విప్పుకుంటూ బడికి చేరాలి, శభాష్ అనాలి. వల్లకాటి మలుపులో ముళ్లకంప, బూడిదగీత అడ్డమొచ్చాయి. కంపను చెప్పుకాలితో లోయలోకి నెట్టి, గీతను చెరిపేశాడు.

దేముడమ్మ పరుగున వచ్చింది. "తియ్యొద్దు పంతులు బాబూ! పోయిన పిల్ల దారి మరిసిపోవాలని ఏసినాం. గుర్తులు కనిపిత్తే బేగి తిరిగొచ్చేత్తాది."

"చచ్చినదానికి చదువొస్తాదేటే? బతికున్నప్పుడే రాలేదు," అని నవ్వాడు.

మరునాడు మధ్యాహ్నానికే మంచు దిగింది. పిల్లల్ని పంపేసి పంతులు బడి ఊడుస్తున్నాడు. తడి బూడిద వాసన వచ్చింది. బయట ఆకుల మీద చిన్న అడుగులు... ఆగుతూ, మళ్లీ నడుస్తూ. ఒక్కో గుర్తూ విప్పుకుంటూ వస్తున్నట్టు.

తలుపు దగ్గర ఆగాయి.

"కొండ దిగి చంద్రుడొచ్చె... వాగులోన చేప నవ్వె... తలుపు తట్టి ఎవరు పిలిచె..."

పంతులు గడియ బిగించి పట్టుకున్నాడు.

"తడిసి తడిసి కనక నిలిచె. కట్టినాను బాబూ. లోపలికి రానా?"

ఆయన తలుపుకు భుజం ఆనించాడు. బయట అలికిడి ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు... వెనకాల, గదిలోనే, పలకమీద బలపం గీరుకుంది.

"ఇప్పుడు మీరు కట్టండి."

పద్యాలు వల్లించిన ఆ గొప్ప నోట ఒక్క ముక్క రాలేదు.

"తప్పు."

చేతికింద గడియ దానంతట అదే జరిగింది.

ఉదయం ఇనస్పెక్టరు గుర్తుల వెంట శభాష్ అనుకుంటూ హాయిగా బడికి చేరాడు. తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. పగలగొట్టి చూస్తే ఎవరూ లేరు. పంతులి బదిలీ కాగితం తరవాత వచ్చింది, అందుకునేవాడు లేక తిరిగిపోయింది.

మంచు కమ్మిన రోజుల్లో ఆ తలుపు బయట ఒక మగగొంతు మూడు పాదాలు చదివి ఆగిపోతుంది. బడిలో పిల్లలెవరూ తల ఎత్తరు. వాళ్లలో ఎవరూ పెదవి కదపరు. అయినా లోపలినుంచి ఒక చిన్న గొంతు జవాబిస్తుంది.

"తప్పు. బయట నిలబడు."