దొరసానికి చెప్పిన మాట

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగిపోయాయంటే ముందుగా బాగుపడేది పిల్లి. మామూలు రోజుల్లో దానికి దక్కేది ఒక పలకరింపూ, ఓ రొట్టెముక్కా. మాటల్లేని రోజున మాత్రం దానికి ఎక్కడలేని మర్యాదా వచ్చిపడుతుంది. "దొరసానీ, కాఫీలో పంచదార మర్చిపోయారని వంటింట్లోవాళ్ళతో చెప్పు." "దొరసానీ, నా నీలం చొక్కా ఎక్కడ దాచారో కాస్త కనుక్కో." పెళ్ళైన కొత్తలో ఆయన ఈ రాయబారాలన్నీ గోడగడియారంతో నడిపేవాడు. పిల్లి వచ్చాక గడియారానికి ఆ బాధ తప్పింది.

ఆ ఉదయం కూడా మాటల్లేని ఉదయమే. చిన్నకోడలు గిన్నెల్ని అవసరమైనదానికన్నా గట్టిగా తోముతోంది. అత్తామామలు పోయి చాలాకాలమైనా వీధిలో ఆమె ఇంకా చిన్నకోడలే. ఇంటి ముందుగదిలో కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గదుల్లో అన్నదమ్ముల కాపురాలు. కళ్ళద్దాల అంచులు అరగదీయడం ఆమె పని, వాటిని ఫ్రేముల్లో బిగించడం భర్త పని. తెల్లకోటు వేసుకుని ముందు కుర్చీలో కూర్చుని "పై వరస చదవండి, ఇప్పుడు కింది వరస చదవండి" అనడం బావగారి పని. ఆ కోటు పుణ్యమా అని వీధంతా ఆయన్ని డాక్టరుగారూ అని పిలుస్తుంది. పిలిచినవాళ్ళు సరదాకే పిలిచారు. నిజమని నమ్మినవాడు ఆయనొక్కడే.

గొడవంతా నిన్న సాయంత్రం మొదలైంది. ఫ్రేము బిగిస్తుంటే భర్త చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోయింది. తీద్దామంటే వేళ్ళకి పట్టు దొరకలేదు. ఏమైందని అడిగితే మాట ముద్దగా వచ్చింది. కాసేపటికి అంతా సర్దుకుంది కానీ ఆమె మాత్రం ఊరుకోలేదు. "పదండి, ఆసుపత్రికి వెళ్దాం" అని చెయ్యి పట్టుకుంది. ఈలోగా బావగారు వచ్చి, తమ్ముడి మణికట్టు రెండుసార్లు నొక్కి, "నరం పట్టేసింది, అంతే. ఈ మాత్రానికి ఆసుపత్రా?" అని తేల్చేశారు. భర్త వెంటనే చెయ్యి విడిపించుకున్నాడు.

"అన్నయ్య చెప్పాడుగా. ఆయనకన్నా నీకెక్కువ తెలుసా?"

ఆ మాట ఇద్దరు ఖాతాదారుల ముందు అన్నాడు. ఆమె చేతిలో పని వదిలేసి లోపలికి వచ్చేసింది. అంతే, మాటలు బంద్.

తెల్లవారాక, ఎదురింటి పిల్లల కోసం బడి వ్యాను వచ్చి హారన్ మోగిస్తున్న వేళకి, ఆయన వెనక గుమ్మంలో కూర్చుని పిల్లికి పాలు పోస్తూ ఏదో చెప్పాడు. ఆమె తడిచేతులతో తలుపు వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి ప్రతి అక్షరమూ విన్నది. విని, విననట్టే వెళ్ళి కుళాయి పెద్దగా తిప్పింది. అందరిముందూ అనడం, పిల్లికి చెప్పి చేతులు దులుపుకోవడమూనా? ఇవాళ అంత తేలిగ్గా వదిలేది లేదనుకుంది.

ఒక గంట గడిచింది. రొట్టెముక్కల పళ్ళేన్నీ గ్లాసుడు పళ్ళరసాన్నీ భర్త ముందు ఠంగుమని పెట్టి వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసిందో లేదో గ్లాసు నేలమీద పడి భళ్ళుమంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"విసిరికొట్టడం కూడా నేర్చారా? బాగుంది! ఇంకేం మిగిలాయి, ఆ పళ్ళెం కూడా కొట్టండి! ముక్కలేరడానికి నేనున్నాగా!"

ఆయన నోరు విప్పలేదు. కుర్చీలో కాస్త పక్కకి ఒరిగి ఆమెనే చూస్తున్నాడు.

"చూడండి, చూడండి. మూతి ముడుచుకుని కూర్చుంటే భయపడిపోతాననుకున్నారేమో. ఈ మౌనవ్రతాలు చూసీ చూసీ నాకు విసుగొచ్చింది!"

చీపురు తేవడానికి కదలబోయింది. అప్పుడే దొరసాని పరుగున వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నిలబడి అరిచింది. రొట్టె అంచు తుంచి దానికి పెట్టడం రోజూ ఉన్నదే. పెట్టేముందు "ఏమ్మా, పాలు చాల్లేదా?" అని అడగడమూ ఉన్నదే. పిల్లి మళ్ళీ అరిచింది. వేలాడుతున్న ఆయన కుడిచేతిని ముక్కుతో పొడిచింది. ఆ చెయ్యి అటూ ఇటూ ఊగి ఆగిపోయింది.

చిన్నకోడలికి కోపమంతా ఒక్క క్షణంలో దిగిపోయింది. ఆయన తనతో మాట్లాడకపోవచ్చు, లోకంతో మాట్లాడకపోవచ్చు. ఇన్నేళ్ళలో పిల్లితో మాట్లాడకుండా ఏనాడూ ఉండలేదు.

"ఏమండీ!" గాజుముక్కలు తొక్కుకుంటూనే దగ్గరికి పరిగెత్తింది. "ఏమండీ, నాతో వద్దు, దానితోనైనా మాట్లాడండి!"

ఆయన పెదవులు కదిలాయి. ఒక పక్కే కదిలాయి. రెండో పక్క మూతి కిందికి జారిపోయి, దానివెంట పళ్ళరసం చారలా కారుతోంది. గొంతులోంచి గరగరమన్న శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె కేకకి బావగారూ తోటికోడలూ పరుగున వచ్చారు. బావగారు అప్పటికే తెల్లకోటు తొడుక్కుని ఉన్నారు. వస్తూనే తమ్ముడి కనురెప్ప పైకెత్తి చూశారు.

"నీరసం. రాత్రి సరిగ్గా తినలేదు, షుగరు పడిపోయింది. ఏమే, గ్లాసుడు పంచదార నీళ్ళు పట్రా. తాగించి పడుకోబెడితే మధ్యాహ్నానికి లేచి కూర్చుంటాడు."

"వద్దు బావగారూ. టాక్సీ పిలవండి, ఆసుపత్రికి వెళ్దాం."

"కంగారు పడకమ్మాయ్. నేనున్నాగా."

తోటికోడలు గ్లాసు తెచ్చింది. బావగారు దాన్ని తమ్ముడి నోటికి ఆనించారు. సగం నీళ్ళు చొక్కా మీద పోయాయి, గుక్కెడు గొంతులోకి పోయి ఆయన ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. ముఖం ఎర్రబడింది. ఆ దగ్గు వినగానే చిన్నకోడలు ముందుకొచ్చి గ్లాసుని ఒక్క తోపు తోసింది. అది గోడకి తగిలి పగిలింది. ఆ ఇంట్లో ఆ పూట పగిలిన రెండో గ్లాసు అది.

పెళ్ళై వచ్చిన నాటినుంచీ ఆమె బావగారి ఎదుట కూర్చుని ఎరగదు, గొంతెత్తి ఎరగదు. ఇప్పుడా గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"చంపేస్తారా ఆయన్ని? గుటకే పడని మనిషికి నీళ్ళు పోస్తారా? నిన్న చెయ్యి పడిపోతే నరమన్నారు, ఇవాళ నోరు పడిపోతే నీరసమంటున్నారు. రేపు ఇంకేం పోతే ఆసుపత్రి గుర్తొస్తుంది మీకు?"

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" బావగారి ముఖం కందగడ్డలా అయింది.

"బాగా తెలుస్తోంది! కళ్ళజోళ్ళ కొట్టాయనతో మాట్లాడుతున్నా! కోటేసుకుంటే డాక్టరైపోరు బావగారూ. అక్కా, నువ్వు టాక్సీ పిలుస్తావా, నన్ను వీధిలోకెళ్ళి అరవమంటావా?"

తోటికోడలు మొగుడి వంక చూడలేదు. సరాసరి ఫోను దగ్గరికే పోయింది.

టాక్సీలో కూడా బావగారు ఊరుకోలేదు. ఈ సందు చివర తెలిసిన క్లినిక్కు ఉంది, ముందు అక్కడ చూపిద్దామని మొదలుపెట్టారు. ఆమె భర్త తలని తన భుజానికి ఆనించుకుని, డ్రైవరుతో మాత్రం "పెద్దాసుపత్రికే పోనీ నాయనా, ఎక్కడా ఆపకు" అంది. ఆయన ఎడంచెయ్యి ఆమె చీరచెంగుని వదలడం లేదు.

ఆసుపత్రి కౌంటరులో కూర్చున్నతను తల ఎత్తకుండానే, "వరసలో రండి, పేరు రాయించుకోవాలి" అన్నాడు. ఆమె ఆ చెక్క బల్లమీద అరచేత్తో దబదబా బాదింది.

"పేరు నేను తర్వాత తీరిగ్గా చెబుతా. మనిషికి మాట పడిపోయింది, చెయ్యి పడిపోయింది. ముందు డాక్టర్ని పిలువు! పిలుస్తావా లేదా?"

అతను అప్పుడు తల ఎత్తాడు. ఆమె వెనక చక్రాల కుర్చీలో ఒరిగిపోయిన ముఖాన్ని చూసి, వెంటనే గంట నొక్కాడు. అంతే, ఎక్కడినుంచి వచ్చారో నలుగురు వచ్చి కుర్చీని లోపలికి తోసుకుపోయారు. స్కానింగు చకచకా అయిపోయింది. సన్నగా, కోపంగా కనిపించే ఒక డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. కరిగించే మందు ఉంది. కానీ జబ్బు మొదలైన కొద్ది గంటల్లోపే ఇవ్వాలి, ఆలస్యమైతే ఆ మందే ప్రమాదం. ఆయన మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు?"

"నేనే చూశాను," అన్నారు బావగారు. "రాత్రి భోజనాల దగ్గర బాగానే మాట్లాడాడు."

"రాత్రా?" డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. "పొద్దున లేచాక ఎవరితోనూ మాట్లాడలేదా? మీరు భార్యేగా, మీతో?"

"నాతో మాట్లాడలేదు. మేమిద్దరం... మాకు మాటల్లేవు."

"చూడమ్మా, రాత్రి నుంచీ అనుకోవాల్సి వస్తే నేను ఆ మందు ఇవ్వలేను."

"మాట్లాడారు!" ఆమె డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "పొద్దున్నే మాట్లాడారు. పిల్లితో."

బావగారు చిరాగ్గా "ఇప్పుడా పిల్లిగోలేమిటి, సిగ్గులేకుండా?" అన్నారు. డాక్టరమ్మ ఆయన వైపు చూడనేలేదు.

"మాట స్పష్టంగా ఉందా? ఏమన్నారో చెప్పగలరా? సమయం తెలుసా?"

"ఎదురింటికి బడి వ్యాను వచ్చింది. ఏడుంబావుకి వస్తుంది, రోజూ అదే వేళ. ప్రతి అక్షరం విన్నాను. మాట ఎక్కడా తడబడలేదు." ఆమె ఆగింది. ఎదురుగా బావగారు ఉన్నారు. ఉంటే ఉన్నారు. "'దొరసానీ, నిన్న నాదే తప్పని మీ అమ్మతో చెప్పు. ఇవాళ ఆసుపత్రికి తీసుకెళ్ళమను, నోరు మూసుకుని వస్తాను. నాకూ భయంగానే ఉంది. అన్నయ్యకి మాత్రం తెలియనివ్వద్దను, నొచ్చుకుంటాడు.' అదీ ఆయన అన్నది."

డాక్టరమ్మ గోడమీది గడియారం చూసింది. తొమ్మిది కావస్తోంది. "నిన్న కూడా ఏదైనా జరిగిందా?" అని అడిగింది. చేతిలోంచి స్క్రూడ్రైవరు జారడం, మాట ముద్దగా రావడం, కాసేపటికే పూర్తిగా సర్దుకోవడం ఆమె గబగబా చెప్పేసింది. డాక్టరమ్మ మరో రెండు ప్రశ్నలు అడిగి, "సమయముంది. ఇస్తున్నాం" అని లోపలికి దాదాపు పరిగెత్తింది.

తలుపు మూసుకుంది. చిన్నకోడలు గోడకి చేరగిలబడిపోయింది. ఇంతసేపూ లోకం మీద పడిన కోపం ఇప్పుడు తిరిగి తన మీదికే వచ్చింది. ఒక్క మాట బదులిచ్చి ఉంటే? కుళాయి తిప్పకుండా, తలుపు చాటునుంచి రెండడుగులు ముందుకు వేసి "సరే, పదండి" అని ఉంటే? భయంగా ఉందని నోరు తెరిచి చెప్పుకున్న మనిషికి తను నీళ్ళ చప్పుడు వినిపించింది.

బావగారు బల్లమీద కూర్చుని ఉన్నారు. పసిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ ఆదరాబాదరాగా వచ్చి ఆయన కోటు చూసి ఆగింది.

"డాక్టరుగారూ, బిడ్డకి జ్వరం తగ్గడం లేదు. కాస్త చూడండి బాబూ!"

బావగారు తల ఎత్తారు. బిడ్డ వంక చూశారు. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది.

"నేను డాక్టర్ని కాదమ్మా," అన్నారు. "లోపల ఉన్నారు. త్వరగా వెళ్ళు."

ఆవిడ వెళ్ళాక ఆయన కోటు విప్పి, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. కోటు లేకుండా ఆయన భుజాలు ఇంత చిన్నవని ఆమెకి అప్పుడే తెలిసింది.

"నొచ్చుకుంటానని నాకు చెప్పొద్దన్నాడా?" అని అడిగారు. "వాడికి భయమేస్తోందని నాతో చెప్పుకోలేనంత పెద్దవాణ్ణయిపోయానా అమ్మాయ్?"

అవునని చెప్పాలనే ఉంది ఆమెకి. ముఖం మీదే చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన కోటు గుడ్డలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నారు. "కోపం నాకింకా పోలేదు బావగారూ," అంది. "ఇంటికెళ్ళాక మిగతాది తిడతాను. ఇప్పుడు లేచి ముఖం కడుక్కోండి. ఆయన మిమ్మల్నిలా చూస్తే బెంగపెట్టుకుంటారు." మొదటిసారిగా ఆయన పక్కన, అదే బల్లమీద కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక లోపలికి రమ్మన్నారు. మూతి ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. కుడిచేతి వేళ్ళు మాత్రం దుప్పటి మీద నెమ్మదిగా ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. మాట రావడానికి టైము పడుతుందని, తొందరపెట్టొద్దని నర్సు చెప్పింది. బావగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

ఆమె మంచం మీదికి వంగింది. క్షమించమని చెబుదామనే వచ్చింది. తీరా నోరు తెరిస్తే కోపమే వచ్చింది.

"ఇంకోసారి పిల్లితో కబురు పంపారంటే ఊరుకునేది లేదు, చెబుతున్నా! భయమేస్తే నాతో చెప్పండి. కోపమొస్తే నన్నే తిట్టండి. నేను కూడా ఇంకెప్పుడూ కుళాయి తిప్పను. విన్నాను, అంతా విన్నాను. వినికూడా పలకలేదు నేను..."

ఆమె ఆయన చేతిమీద తల పెట్టేసింది. ఆయన పెదవులు మెలితిరిగాయి. ఏదో చెప్పాలని మెడనరాలు బిగిశాయి. ఆమె తల ఎత్తి చూసింది. దొరసాని పేరే అంటాడనుకుంది.

"ఏ...మోయ్," అన్నాడాయన.

నిన్న సాయంత్రం నుంచీ ఆ పిలుపు కోసం ఎంత మొహం వాచిపోయిందో ఆమెకే తెలుసు.

"ఆఁ," అంది, కళ్ళు తుడుచుకోకుండానే. "ఇక్కడే ఉన్నానండీ. చెప్పండి."