చెమట పట్టిన బ్యాగు

ఆమె నాలుగింటికి చనిపోయింది. ఇన్‌స్పెక్టర్ గదిలోకి వచ్చేసరికి నాలుగూ ఇరవై.

మంచం మీద శవం. విరిగిన తుంటికి నిన్ననే ఆపరేషన్. స్టాండుకు పావు వంతు ఖాళీ అయిన రక్తం బ్యాగు. గోడవారన భర్త. అతని మీద పడి కొట్టేలా బావమరిది.

"వీడే సార్! ఫ్లాస్కులో టీ తెచ్చి తాగించాడు. గంటకే అక్క పోయింది."

"నిన్నటిదాకా బావనే కదరా," అన్నాడు భర్త.

డాక్టర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రక్తంలో తప్పు లేదు. ఆవిడది ఓ పాజిటివ్, బ్యాగూ ఓ పాజిటివే. నా అనుమానం విషమే. ఆ టీ ల్యాబ్‌కి పంపండి."

కానిస్టేబుల్ బేడీలు తీశాడు.

"ఆగు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. భర్త వైపు తిరిగాడు. "పోయేముందు ఏమంది?"

"రక్తం మొదలైన కాసేపటికే చలేస్తోందంది. వణికిపోయింది. నడుం పగిలిపోతోందంది. డాక్టర్ గారికి చెప్పా. ఏసీ వల్లే, దుప్పటి కప్పమన్నారు. మళ్ళీ వెళ్ళా. ఇంకోటి కప్పమన్నారు."

ఇన్‌స్పెక్టర్ వంగి మంచం పక్కనున్న మూత్రం సంచి చూశాడు. ముదురు ఎరుపు.

లేచి రక్తం బ్యాగు తాకాడు. వేలు తడిసింది.

"ఎప్పుడు పెట్టారిది?"

"మూడింటికి," అన్నాడు డాక్టర్.

"ఎవరు?"

"నేనే. నర్సు భోజనానికి వెళ్ళింది."

"ఇంకెవరికైనా రక్తం తెప్పించారా?"

తలుపు దగ్గర నిలబడ్డ నర్సు నోరు విప్పింది. "పక్క గదికి సార్. బి పాజిటివ్. ఫ్రిజ్‌లో ఉండాలి, కనపడట్లేదు."

"ఫ్రిజ్ తాళం?"

నర్సు డాక్టర్ వైపు చూసింది.

"ఆమె పోయాక ఈ గదిలో ఎవరున్నారు?"

"డాక్టర్ గారొక్కరే," అన్నాడు భర్త. "మమ్మల్ని బయటికి తోసి తలుపేసుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ కబురు పెడితే ల్యాబ్ టెక్నీషియన్ వచ్చాడు. బ్యాగులోంచి ఒక చుక్క, సూది దగ్గరి ట్యూబులోంచి ఒక చుక్క తీసి పరీక్షించాడు.

"బ్యాగులో ఓ. ట్యూబులో బి, సార్."

డాక్టర్ కుర్చీ వెతుక్కున్నాడు.

"మూడింటికి ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగుకి ఇప్పటిదాకా చెమట ఉండదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది శవానికి తగిలించిన బ్యాగు. మీరు గ్రూపు చూడకుండా పక్క గది రక్తం ఎక్కించారు. ఒంటికి పడని రక్తం. ఆమె ఒళ్ళు ఆ కణాల్ని పగలగొట్టేసింది. వణుకు, నడుం నొప్పి, ఆ ఎర్రటి మూత్రం, అన్నీ దానివే. మొదటి వణుకుకే ఆపేస్తే బతికేదేమో. పోయాక బ్యాగు మార్చారు. ఎక్కినట్టు కనపడాలని పావు వంతు సింకులో పోశారు. ట్యూబు మర్చిపోయారు."

"పొరపాటు... కావాలని చెయ్యలేదు."

"ఎక్కించడం పొరపాటు. ఈయన మెడకి చుట్టడం పొరపాటు కాదు."

బేడీలు డాక్టర్ చేతులకి పడ్డాయి.

"బావా..." బావమరిది చెయ్యి పట్టుకోబోయాడు. భర్త విదిలించుకున్నాడు.

మంచం దగ్గరికి వెళ్ళాడు. శవం మీది రెండు దుప్పట్లూ తీశాడు. మడత పెట్టి, బేడీలున్న చేతుల మీద ఉంచాడు.

"లాకప్‌లో వణుకొస్తే కప్పుకోండి డాక్టర్ గారూ. ఏసీ వల్లే అనుకోండి."